అలెక్స్ లెమనేడ్ స్టాండ్ పెట్టాలనుకునే తెలుగువాళ్లకి: ఏది బాగుంది, ఎక్కడ తప్పుతుంది

పిల్లల క్యాన్సర్ కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థల్లో, బిడ్డని పోగొట్టుకున్న అమ్మానాన్నలు పెట్టినవి చాలా ఉన్నాయి. ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా ఒక్క పూట వెచ్చించి నిజంగా అక్కరకొచ్చే పని చేసేలా అమర్చిపెట్టినవి మాత్రం తక్కువ. ఫిలడెల్ఫియా దగ్గర నుంచి నడిచే అలెక్స్ లెమనేడ్ స్టాండ్ ఫౌండేషన్ ఆ తక్కువవాటిలో ఒకటి. అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలు వేసవిలో పిల్లల చేత వీధిలో నిమ్మరసం అమ్మే లెమనేడ్ స్టాండ్ పెట్టించాలనుకుంటే ఇది ఎంతవరకు పనికొస్తుంది, నిమ్మకాయల లెక్క దగ్గర్నుంచి డబ్బు పంపేదాకా ఎక్కడ జారిపడతాం అన్నది ఇక్కడ విషయం. బిడ్డని పోగొట్టుకున్నవాళ్లు స్వయంగా ఇందులో దిగాలా అన్నది కూడా చెప్తాను. అక్కడ నా మాట కొంచెం కటువుగానే ఉంటుంది.

అలెగ్జాండ్రా స్కాట్ 1996 జనవరిలో కనెటికట్ రాష్ట్రంలో పుట్టింది. మొదటి పుట్టినరోజు రాకముందే న్యూరోబ్లాస్టోమా అని తేలింది. పూర్తిగా ఎదగని నాడీకణాల్లో మొదలయ్యే క్యాన్సర్ ఇది, ఎక్కువగా ఐదేళ్లలోపు పిల్లలకే వస్తుంది. 2000లో, నాలుగో పుట్టినరోజు మర్నాడు, ఆ పిల్లకి స్టెమ్ సెల్స్ ఎక్కించారు. ఆస్పత్రి నుంచి వెళ్లాక లెమనేడ్ స్టాండ్ పెడతాననీ, వచ్చిన డబ్బు డాక్టర్లకిచ్చి తనలాంటి పిల్లలకి సాయం చేయమంటాననీ అంది. అన్న పాట్రిక్‌తో కలిసి పెట్టిన ఆ మొదటి స్టాండ్‌కి సుమారు 2,000 డాలర్లు వచ్చాయి. తర్వాత వైద్యం కోసం కుటుంబం ఫిలడెల్ఫియా పక్కకి మారింది, స్టాండ్ ఏటా సాగింది. 2004 ఆగస్టు 1న, ఎనిమిదేళ్ల వయసులో అలెక్స్ చనిపోయేనాటికి, దేశమంతా జనం పెట్టిన స్టాండ్లతో కలిపి 10 లక్షల డాలర్లు పోగయ్యాయి. అమ్మ లిజ్, నాన్న జే 2005లో ఫౌండేషన్ ఏర్పాటు చేశారు.

ఈ తారీఖుల వరస గమనించాలి. బిడ్డ పోయాక ఏం చేయాలో తోచక వెతుక్కున్న పని కాదిది. బిడ్డ తన చేతులతో మొదలుపెట్టి నాలుగేళ్లు నడిపిన పనిని అమ్మానాన్నలు ఆపలేదు, అంతే. పని ఆకారం పిల్లది కాబట్టి ఏడేళ్ల పిల్ల కూడా చేయగలదు. స్టాండ్ పెట్టేవాళ్లకి లిజ్, జే ల దుఃఖం తెలియాల్సిన పని లేదు, మొయ్యాల్సిన పని అసలే లేదు. ఇరవై ఏళ్లుగా ఈ సంస్థ అలిసిపోకుండా నిలబడటానికి కారణం నా లెక్కలో ఇదే.

ఇక డబ్బు ఎటు పోతుందో చూద్దాం. ఇప్పటివరకు 30 కోట్ల డాలర్లకి పైగా సేకరించారు. అందులో పెద్ద వాటా ఉత్తర అమెరికా ఆస్పత్రుల్లో, యూనివర్సిటీల్లో జరిగే పరిశోధనకి గ్రాంట్లుగా వెళ్తుంది. ఇక్కడ ఒక సంగతి పైకి కనపడదు. ప్రభుత్వ గ్రాంటు అడగాలంటే ముందే కొంత డేటా చేతిలో ఉండాలి, ఆ డేటా రావాలంటే ముందే డబ్బు ఉండాలి. కెరీర్ మొదట్లో ఉన్న పరిశోధకులు ఇరుక్కునేది ఈ ముడిలోనే. ఫౌండేషన్ ఇచ్చే యువ పరిశోధకుల గ్రాంట్లు, వేసవిలో ల్యాబులో పనిచేసే విద్యార్థులకిచ్చే 'పోస్ట్' అనే శిక్షణ గ్రాంట్లు సరిగ్గా ఆ ముడి దగ్గర పనికొస్తాయి. ఫిలడెల్ఫియా పిల్లల ఆస్పత్రిలో యాయెల్ మోసే బృందం 2008లో, వంశపారంపర్యంగా వచ్చే న్యూరోబ్లాస్టోమాకి ఏఎల్‌కే అనే జన్యువులో మార్పు ప్రధాన కారణమని బయటపెట్టింది. ఆమె పనికి ఈ సంస్థ సొమ్ము కూడా తోడైంది. పెద్దవాళ్ల ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి వాడే క్రిజోటినిబ్ అనే మందుని పిల్లల్లో పరీక్షించడానికి అక్కడే దారి పడింది. 2021లో అదే జన్యువు వల్ల వచ్చే ఒక రకం లింఫోమాకి, 2022లో మరో అరుదైన గడ్డకి పిల్లల్లో వాడటానికి అమెరికా ప్రభుత్వ అనుమతి వచ్చింది. 2017లో మొదలుపెట్టిన డేటా ల్యాబ్ వేర్వేరు చోట్ల పడి ఉన్న పిల్లల క్యాన్సర్ జన్యు సమాచారాన్ని శుభ్రం చేసి, ఎవరైనా వాడుకునేలా ఉచితంగా పెడుతోంది. ఇలాంటి పనికి చందాలు అడగడం కష్టం. ఫొటో తీసి చూపించడానికి ఏమీ ఉండదు మరి. పరిశోధన వైపు నేను 5కి 4.5 వేస్తాను.

కుటుంబాలకి నేరుగా చేసే సాయం రెండు రకాలు. ఊరికి దూరంగా వైద్యానికి వెళ్లాల్సివచ్చిన కుటుంబాలకి ప్రయాణం, బస ఖర్చుల్లో సాయం చేసే ట్రావెల్ ఫర్ కేర్ ఒకటి. దీనికి ఆస్పత్రి సోషల్ వర్కర్ ద్వారా వెళ్లడమే సరైన దారి. మనవాళ్లు ఇక్కడే వెనకబడతారు. సోషల్ వర్కర్ అంటే పేదల కోసం ఉండే మనిషి అనుకుని, ఉద్యోగం ఉందిగదా మనకెందుకులే అని ఆ గది తలుపు తట్టరు. హెచ్1 మీద ఒక్క జీతంతో బతుకుతూ, రెండో జీతం బిడ్డ పక్కన కూర్చోవడానికి వదులుకున్న ఇంటికి ఈ సాయం అడగడంలో చిన్నతనమేమీ లేదు. రెండోది సూపర్ సిబ్స్. క్యాన్సర్ వచ్చిన పిల్లల అన్నదమ్ములకి, అక్కచెల్లెళ్లకి 4 నుంచి 18 ఏళ్ల దాకా వాళ్ల పేరు మీదే ఇంటికి పోస్టులో ఉత్తరాలు, చిన్న చిన్న పనుల పుస్తకాలు, కానుకలు వస్తాయి. ఉచితం. జబ్బుపడ్డ పిల్లకి ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ బొమ్మ తెస్తారు, పక్కన నిలబడ్డ తమ్ముడికి ఎవరూ ఏమీ తేరు. ఆ సంగతి తెలిసినవాళ్లు కట్టిన పథకం ఇది. తెలుగులో ఉండదు, కానీ అక్కడ బడికెళ్లే పిల్లలకి అదో ఇబ్బంది కాదు.

ఇప్పుడు స్టాండ్ సంగతి.

ఏటా జూన్ మొదట్లో లెమనేడ్ డేస్ అని కొన్ని రోజులు పెడతారు. ఆ రోజుల్లోనే పెట్టాలని నియమం లేదు, ఏ రోజైనా పెట్టొచ్చు. ముందు ఫౌండేషన్ వెబ్‌సైటులో స్టాండ్‌ని నమోదు చేసుకోవాలి. నమోదు చేస్తే మీ స్టాండ్ పేరుతో ఆన్‌లైన్ విరాళాల పేజీ వస్తుంది, బ్యానర్, పోస్టర్ల లాంటి సరంజామా ఇస్తారు. పోస్టులో రావాల్సినవి ఉంటాయి కాబట్టి కనీసం నాలుగు వారాల ముందు నమోదు చేయండి. మే చివరి వారంలో గుర్తొచ్చి చేస్తే బ్యానర్ చేతికి రాకపోవచ్చు, ప్రింటవుట్లతో సరిపెట్టుకోవాలి.

వంద కప్పులకి సరిపడా లెక్క ఇది. 9 ఔన్సుల కప్పులో మూడోవంతు ఐస్ వేసి 6 ఔన్సులు, అంటే 180 మిల్లీలీటర్లు పోస్తారు. 100 కప్పులకి 18 లీటర్లు, అంటే దాదాపు 5 గ్యాలన్లు. ఒక గ్యాలన్‌కి నిమ్మరసం 2 కప్పులు, పంచదార 2 కప్పులు, నీళ్లు 13 కప్పులు అన్నది మామూలు కొలత. స్టాండ్‌లో మాత్రం 12 కప్పుల దగ్గర ఆపండి. ఆ పదమూడో కప్పుని ఐస్ కరిగి తనే కలుపుకుంటుంది. పూర్తి కొలతతో కలిపితే మొదటి గంట బాగుంటుంది, రెండో గంట నుంచి చప్పనీళ్లు. మొత్తం మీద రసం 2.4 లీటర్లు, పంచదార 2 కిలోలు కావాలి. అక్కడి మధ్యరకం పసుపు నిమ్మకాయ ఒక్కోటి 45 మిల్లీలీటర్ల దాకా రసమిస్తుంది కాబట్టి 54 కాయలు చాలాలి, కానీ ఎండిపోయినవి తగులుతాయి, 60 కొనండి. కాస్ట్‌కో లాంటి చోట 5 పౌండ్ల సంచులు మూడు తెస్తే సరిపోతుంది.

మన నాటు నిమ్మకాయ అలవాటుతో పులుపు అంచనా వేయకండి. మన కాయ చిన్నది, పులుపు ఘాటు. వాళ్ల లెమన్ పెద్దది, తొక్క మందం, పులుపు మెత్తన. ఇంట్లో లైమ్‌లు ఉన్నాయిగదా అని సగం సగం కలిపితే రుచి బాగానే ఉంటుంది, చిక్కు ఇంకోచోట వస్తుంది. నిమ్మజాతి రసం, ముఖ్యంగా లైమ్ రసం, చర్మం మీద ఉండగా ఎండ తగిలితే ఒకట్రెండు రోజుల్లో కాలినట్టు ఎర్రబడి బొబ్బలొస్తాయి, తర్వాత నల్లమచ్చలు వారాల తరబడి ఉండిపోతాయి. జూన్ ఎండలో పిల్లల చేత బల్ల దగ్గరే కాయలు పిండించడం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. వద్దు. ముందురోజు రాత్రి ఇంట్లోనే పిండి, పిల్లల చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడిగించండి.

కాయల్ని ఫ్రిజ్‌లోంచి తీసి గంటసేపు బయట పెట్టి, అరచేత్తో బల్ల మీద నొక్కి దొర్లిస్తే రసం సులువుగా దిగుతుంది. ఆఖరి బొట్టు దాకా పిండాలని తెల్లటి లోపలి తొక్క నలిగేలా నొక్కితే చేదు దిగుతుంది. ఆ చేదుని ఎంత పంచదార పోసినా కప్పలేం. గింజలు రాత్రే వడకట్టాలి. పిండడానికి అల్యూమినియం స్క్వీజర్లు, కలపడానికి ఇత్తడి గంగాళాలు, అల్యూమినియం తపేలాలు పనికిరావు, పులుపుకి లోహం వాసన పట్టేస్తుంది. స్టీలు గిన్నె, లేదా ఆహారానికి వాడే ప్లాస్టిక్ డబ్బా వాడండి. పంచదారని చల్లటి నీళ్లలో పోసి గరిటెతో తిప్పితే అడుగున పేరుకుంటుంది, మొదటి పది కప్పులు పుల్లగా, చివరి పది పానకంలా వస్తాయి. 2 కిలోల పంచదారని 2 లీటర్ల వేడినీళ్లలో కరిగించి, పూర్తిగా చల్లార్చి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. ఈ 2 లీటర్లు మొత్తం 14.4 లీటర్ల నీళ్ల లెక్కలోవే, అదనం కాదు. వేడి పాకం హడావుడిగా పోస్తే ఐస్ అంతా అందులోనే కరిగిపోతుంది.

ఐస్ విషయంలో అందరూ పిసినారితనం చేస్తారు. తాగే ఐస్ 20 పౌండ్లు, సీసాలు చల్లబరిచే ఐస్ 20 పౌండ్లు తెచ్చి వేర్వేరు పెట్టెల్లో ఉంచండి. చల్లబరిచే ఐస్‌లో చేతులు, సీసాలు, పిల్లల బొమ్మలు అన్నీ మునుగుతాయి, అది కప్పులో పడకూడదు. తాగే ఐస్‌ని గరిటెతోనే తీయాలి. మూత, కింద కుళాయి ఉన్న డిస్పెన్సర్ కొంటే కందిరీగల బెడద సగం తగ్గుతుంది. మూతలేని జగ్గు పెట్టిన అరగంటలో అవి వచ్చి వాలతాయి, పిల్లలు పరుగు లంకించుకుంటారు.

సబ్జా గింజలు వేద్దామనే ఉబలాటం మన ఇళ్లలో ఒకటి ఉంటుంది. తెలియని పిల్లలు జెల్లీలాంటి గింజ నోట్లోకొస్తే ఉమ్మేస్తారు, చిన్నపిల్లలకి గొంతులో అడ్డం పడే అవకాశమూ ఉంది. ఉప్పు, జీలకర్ర వేసిన మన షర్బత్ కావాలంటే చిన్న కూజాలో పక్కన, పేరు రాసి పెట్టండి. తెలుగు సంఘం పిక్నిక్‌లో అదే ముందు అయిపోతుంది, వీధి మూల మీద మిగిలిపోతుంది.

కీమో తీసుకుంటున్న పిల్లలు ఎవరైనా స్టాండ్‌కి వస్తే వాళ్లకి ఈ నిమ్మరసం పోయకండి. తెల్ల రక్తకణాల కౌంట్లు పడిపోయి ఉన్నప్పుడు ఇంట్లో చేత్తో పిండిన పచ్చి రసం, బయట పెట్టిన ఐస్ రెండూ ఇన్ఫెక్షన్‌కి దారులు. మూత తీయని నీళ్ల సీసాలు ఒక అరడజను పక్కన ఉంచి, ముందు వాళ్ల అమ్మనో నాన్ననో అడగండి. పిల్లల క్యాన్సర్ కోసం పెట్టిన స్టాండ్‌లో ఆ పిల్లలకే హాని జరగడమంత ఘోరం ఇంకోటి లేదు.

అనుమతుల మాట. ఇంటి ముందు, సొంత డ్రైవ్‌వేలో పిల్లలు పెట్టే స్టాండ్‌ని చాలాచోట్ల ఎవరూ పట్టించుకోరు. టెక్సాస్, కొలరాడో 2019లో, ఇల్లినాయ్ 2021లో, పిల్లల స్టాండ్లని అధికారులు మూయించకుండా చట్టాలే చేశాయి. పార్కు, గుడి పార్కింగు, స్కూలు మైదానం అయితే కథ వేరు. అక్కడ స్థల యజమాని అనుమతితో పాటు కౌంటీ ఆరోగ్యశాఖ తాత్కాలిక ఆహార పర్మిట్ అడగొచ్చు. హెచ్‌ఓఏ, అంటే ఇళ్ల యజమానుల సంఘం, ఉన్న కాలనీల్లో ఒక ఈమెయిల్ పెట్టి జవాబు దగ్గర ఉంచుకుంటే గొడవ ఉండదు. చోటు ఎంపికలో కార్లు నెమ్మదించే మూల, స్టాప్ గుర్తు దగ్గర, గరాజ్ సేల్ పక్కన అయితే మంచిది. కల్ డి శాక్ లోపల, అంటే అటువైపు దారిలేని సందులో, పెడితే మీ అయిదు ఇళ్లవాళ్లే తాగుతారు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగేది డబ్బు దగ్గర. కప్పుకి డాలరు అని రేటు పెట్టకండి. 'మీకు తోచినంత' అని రాస్తే ఎక్కువ వస్తుంది, చిల్లర ఇచ్చే పనీ తప్పుతుంది. డబ్బాలో ముందే ఒక 5, రెండు 10 డాలర్ల నోట్లు కనపడేలా వేసి పెట్టండి. నాణేలు కనపడితే జనం నాణేలే వేస్తారు, మన గుడి పళ్లెంలో జరిగేదీ ఇదే. జేబులో నోట్లు లేనివాళ్లే ఇప్పుడు ఎక్కువ కాబట్టి మీ స్టాండ్ పేజీకి తీసుకెళ్లే క్యూఆర్ కోడ్‌ని పెద్దగా ప్రింట్ చేసి రెండు చోట్ల అంటించండి. కోడ్ మీద ఎండ పడి మెరిస్తే ఫోను చదవదు, ప్లాస్టిక్ తొడుగు వేయకండి.

ఆ క్యూఆర్ బదులు డబ్బు పంపే యాప్‌లు వెన్మో, జెల్‌లలో తమ సొంత ఖాతా పెట్టేవాళ్లు చాలామంది. సులువే, కానీ మూడు నష్టాలు. ఇచ్చినవాళ్లకి పన్ను రసీదు రాదు. మీ ఖాతాలో అది ఎవరి డబ్బో తేలక ఏడాది చివర్న చిక్కు. అన్నిటికంటే పెద్దది, కంపెనీ మ్యాచింగ్ పోతుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీలు చాలావరకు ఉద్యోగి విరాళానికి సమానంగా తామూ ఇస్తాయి, కానీ ఉద్యోగి పేరు మీద సంస్థ రసీదు ఉంటేనే. తెలుగు వీధిలో పదిమంది పేజీ ద్వారా యాభైయేసి డాలర్లు ఇచ్చి మ్యాచింగ్ అడిగితే 1,000 డాలర్లు అవుతుంది. అదే డబ్బు డబ్బాలో నోట్లుగా పడితే 500 దగ్గరే ఆగిపోతుంది. ఆ మధ్యాహ్నం పిండిన నిమ్మకాయలన్నీ కలిపి తెచ్చేదానికంటే ఈ ఒక్క మాట చెప్పడం వల్ల వచ్చేది ఎక్కువ. బల్ల మీద 'మీ కంపెనీ మ్యాచ్ చేస్తుందా?' అని ఒక అట్టముక్క పెట్టండి.

నోట్లుగా వచ్చినది ఇద్దరు పెద్దవాళ్లు కలిసి లెక్కపెట్టి, కాగితం మీద రాసి సంతకాలు చేసి, వెంటనే చెక్కుగా పంపాలి. ఆ చెక్కు మీ ఖాతాలోంచి వెళ్లినంత మాత్రాన ఆ మొత్తం మీ పన్ను మినహాయింపు కాదు, ఇరుగుపొరుగు ఇచ్చింది వాళ్లదే. మీరు సొంతంగా వేసిన వాటా మాత్రం మీది, 250 డాలర్లు, అంతకంటే ఎక్కువ అయితే సంస్థ నుంచి రాతపూర్వక రసీదు ఉండాలి. నిమ్మకాయలు, కప్పులు, ఐస్ ఖర్చు మీ జేబులోంచి పెట్టుకోండి, డబ్బాలోంచి మినహాయించుకోకండి. పిల్లలు అది చూస్తారు.

స్టాండ్ అనుభవానికి 5కి 4. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గిందంటే, పిల్లలకి 'క్యాన్సర్ పిల్లలు' అన్న మాట నోటికొస్తుంది గానీ విషయం తెలియదు, ఆ పని ఏ సరంజామా పెట్టెలోనూ రాదు. ఇంట్లో పెద్దవాళ్లే కూర్చోబెట్టి చెప్పాలి. ఇది అంటుకునే జబ్బు కాదు, ఎవరూ తప్పు చేయడం వల్ల రాలేదు, మంచి వైద్యం అందితే ఎక్కువమందికి నయమవుతుంది, ఈ మూడూ చాలు. మన ఇళ్లలో ఆ జబ్బు పేరెత్తడానికే జంకుతారు కాబట్టి ఇది ఇంకా అవసరం. ఊళ్లో జబ్బుపడ్డ పిల్ల ఫొటోని అమ్మానాన్నల అనుమతి లేకుండా పోస్టర్ మీద వేయడం, వాళ్ల పేరు చెప్పి డబ్బులడగడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. అనుమతి ఇచ్చినవాళ్లు కూడా మనసు మార్చుకోవచ్చు.

బిడ్డని పోగొట్టుకున్న తల్లిదండ్రుల సంగతికొస్తే, బిడ్డ పేరు మీద ఒక స్టాండ్ పెట్టడం మంచి పనే, కానీ మొదటి ఏడాది వద్దంటాను. మరీ ముఖ్యంగా పుట్టినరోజున, పోయిన తిథిన పెట్టొద్దు. ఆ రోజు వచ్చేవాళ్లలో సగంమంది మీతో మాట్లాడటానికి, మీ ముందు ఏడవటానికి వస్తారు. ఓదార్చే పని మీ నెత్తినే పడుతుంది. బల్ల వెనక నిలబడి మాట్లాడే పని బాబాయికో, మేనత్తకో, బిడ్డ స్నేహితుల అమ్మలకో అప్పగించి, మీరు ఐస్ నింపే పని తీసుకోండి. చేతికి పని ఉంటుంది, మొహం చూపించక్కర్లేదు. ఉండలేననిపిస్తే ఇంట్లోకి వెళ్లిపోయేలా స్టాండ్ మీ ఇంటి ముందే ఉండాలి, పార్కులో కాదు. భార్యాభర్తలిద్దరికీ ఒకే పని ఊరటనివ్వదు. ఒకరికి బిడ్డ పేరు పదిమంది నోట వినపడాలి, ఇంకొకరికి ఆ పేరు వింటేనే ఊపిరాడదు. ఒకరు దిగి, ఇంకొకరు దిగకపోవడం తప్పేమీ కాదు.

సొంత ట్రస్టు పెడతామనే వాళ్లకి ఇంకా గట్టిగా చెప్పాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బిడ్డ పేరు మీద ట్రస్టు అంటే దస్తావేజు రిజిస్ట్రేషన్, పాన్, ఆదాయపు పన్ను శాఖ దగ్గర ట్రస్టుకీ, దాతలకీ పన్ను మినహాయింపు కోసం రిజిస్ట్రేషన్లు, మొదట తాత్కాలికం, తర్వాత మళ్లీ దరఖాస్తు. ఏటా రిటర్ను, ఆదాయం పరిమితి దాటితే ఆడిట్. మొదటి ఏడాది బంధువులు ఉదారంగా ఇస్తారు. మూడో ఏడాదికి ఆడిటర్ ఫీజు, వెబ్‌సైటు ఖర్చు పోను పిల్లలకి చేరేది పలచబడుతుంది, అప్పుడు ట్రస్టు మూసేయడం ఆ అమ్మానాన్నలకి బిడ్డని రెండోసారి సాగనంపినట్టుంటుంది. లిజ్, జే ల ఫౌండేషన్ లాంటి చోట చేరితే ఈ బరువేదీ లేదు, పేరు మాత్రం బిడ్డది పెట్టుకోవచ్చు. సొంత సంస్థ పెట్టి నిలబెట్టినవాళ్లూ ఉన్నారు. 1991లో 17 ఏళ్ల మాక్స్ ల్యుకేమియాతో చనిపోయాక అతని సవతి తల్లి పాట్ గార్సియా గొంజాలెజ్ 1997లో మాక్స్ ఫౌండేషన్ పెట్టారు. 2002 నుంచి ఆ సంస్థ ద్వారానే భారతదేశంలో సీఎంఎల్ అనే రక్త క్యాన్సర్ వచ్చిన వేలమందికి గ్లివెక్ మాత్రలు ఉచితంగా అందాయి, హైదరాబాద్ నిమ్స్‌లో చికిత్స పొందినవాళ్లతో సహా. అప్పట్లో నెలకి లక్ష దాటే మందు అది. పేటెంటు కోసం ఆ మందు తయారుచేసే నోవార్టిస్ కంపెనీ సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2013లో ఓడిపోయిన రోజుల్లో ఆ ఉచిత పథకాన్ని కంపెనీ డాలుగా వాడుకుందన్న విమర్శ కూడా ఉంది, అదీ న్యాయమైనదే. అయినా మాత్ర అందినవాళ్లు బతికారు.

వార్డులో పండ్లు పంచుదాం, బొమ్మలు పంచుదాం అనేవాళ్లకి ఒక మాట. క్యాన్సర్ వార్డులో కోసిన పండ్లు, ద్రాక్ష, బయటి స్వీట్లు, పూలు, బొచ్చు బొమ్మలు చాలాచోట్ల లోపలికి రానివ్వరు, రానిచ్చినా తేకూడదు. కారణం పైన చెప్పిన కౌంట్లే. అంతకంటే ప్లేట్‌లెట్లు ఇవ్వండి. రక్తంలోంచి తీసిన ప్లేట్‌లెట్లు 22 డిగ్రీల దగ్గర, కదుపుతూ ఉంచినా మామూలుగా 5 రోజులకి మించి నిలవ ఉండవు, అందుకే వార్డుకి ఎప్పుడూ కొరతే. బిడ్డ పుట్టినరోజుకి ముప్ఫైమందిని ఒకేరోజు తీసుకెళ్లడం కంటే, వారానికి ఇద్దరు చొప్పున బ్లడ్ బ్యాంకు పిలిచినప్పుడు వెళ్లేలా జాబితా చేసి ఇస్తే మూడున్నర నెలలు అక్కరకొస్తుంది.

అలెక్స్ ఫౌండేషన్‌లో తెలుగువాళ్లకి నిజంగా లోటు అనిపించేది ఒకటే, ఆ డబ్బు ఇంటివైపుకి రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఏటా సుమారు 4 లక్షలమంది పిల్లలకి, టీనేజర్లకి క్యాన్సర్ వస్తుంది. సంపన్న దేశాల్లో 80 శాతానికి పైగా బతుకుతారు, పేద, మధ్య ఆదాయ దేశాలు చాలావాటిలో 30 శాతం కంటే తక్కువ. ఆ తేడాకి కారణాల్లో కొత్త మందు లేకపోవడం ఒక్కటే కాదు. జబ్బు ఆలస్యంగా తేలడం, మధ్యలో వైద్యం మానేయడం, ఆస్పత్రి దగ్గర తలదాచుకునే చోటు లేకపోవడం కూడా ఉన్నాయి. హైదరాబాద్‌లో ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఎంఎన్‌జేకి జిల్లాల నుంచి వచ్చే కుటుంబాలు పడే పాట్లు ఇవే. ఫౌండేషన్‌ని దీనికి తప్పుపట్టలేం, వాళ్ల పని అది కాదు. సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్స్ లాంటివి ఆ బస సమస్య మీద పనిచేస్తున్నాయి, హైదరాబాద్‌లోనూ ఉన్నాయి.

అయితే అమెరికాలో స్టాండ్ పెట్టి ఆ డబ్బు ఇక్కడికి పంపాలనుకుంటే దారి వేరు. ఇరుగుపొరుగు అమెరికన్ల నుంచి వసూలైన సొమ్ము భారత చట్టం ప్రకారం విదేశీ విరాళం. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థే తీసుకోవాలి, అదీ ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతా ద్వారానే. భారత పౌరసత్వం ఉన్న ఎన్నారై తన సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్న ఓసీఐ కార్డుదారు పంపితే వస్తుంది. ఒకే ఇంట్లో భర్తకి భారత పాస్‌పోర్టు, భార్యకి అమెరికా పాస్‌పోర్టు ఉంటే ఎవరి ఖాతాలోంచి పంపుతున్నారన్నది చూసుకోవాలి. భారత సంస్థకి నేరుగా ఇచ్చినదానికి అమెరికాలో పన్ను మినహాయింపు ఉండదు, ఆ సంస్థకి అక్కడ రిజిస్టరైన అనుబంధ సంస్థ ఉంటే దాని ద్వారా ఇవ్వాలి. అప్పుడు రసీదు వస్తుంది, కంపెనీ మ్యాచింగూ అడగొచ్చు. ఇదంతా స్టాండ్ పెట్టడానికి ముందే తేల్చుకోండి. డబ్బు ఎవరికి వెళ్తుందో పోస్టర్ మీద ఒకటి రాసి, వసూలయ్యాక ఇంకొకరికి పంపకూడదు.